‘సేకరణ’ యను మాటను గూర్చి

ఈ సంచికకై విద్యార్థు లొసగిన వ్రాతలలో పెక్కింటి క్రింద ‘సేకరణ’ యను మాటయు, దాని ప్రక్కను విద్యార్థి పేరును, తరగతియు గలవు. ఎచ్చటనుండి సేకరించిరో, మొదట వ్రాసినవారెవరో, చెప్పినవారెవరో కానరాదు. ఇది మన పాఠశాలకే చెందిన యలవాటు కాదు. అనేక పాఠశాలల పత్రికలలో నిదియే యాచారము. ఆచారమైనంత మాత్రమున మంచిదని మేమొప్పుకొనజాలము.

సేకరించుట తప్పని మా యభిప్రాయము కాదు. సేకరించువారు లేనిచో మన యహోబిలము పూర్వవృత్తాంతములలో నెన్ని మనకు దక్కియుండును? కర్నల్ కాలిన్ మెకంజీ దొర గ్రామగ్రామమునకు మనుష్యులను బంపి, కరణముల కవిలెలనుండియు వృద్ధుల నోటనుండియు స్థానిక చరిత్రలను వ్రాయించెను. వానినే కైఫీయతులందురు. అహోబిలము కైఫీయతు వానిలో నొకటి. ఈ కార్యము దొరగారొక్కరు చేసినది కాదు. ఆయనకు దేశభాషలు రావు. కావలి వేంకట బొర్రయ్యగారును, 1803లో ఆయన గతించిన పిమ్మట సోదరులగు లక్ష్మయ్యగారును ఆ పనికి కన్నులును చెవులునై యుండిరి. 1821లో దొరగారు మరణింపగా కంపెనీవారు ఆ సంగ్రహమును ఆయన భార్యనుండి లక్ష రూపాయలకు గొనిరి. దొరగారు స్వంత ధనము మిక్కిలిగా వెచ్చించియుండిరి గనుక ఆ క్రయమును మేము తప్పుపట్టము. అయితే కవిలె విప్పి చదివి వినిపించిన కరణమునకు ముట్టిన దేమి? ఆ పనిని తామే కొనసాగింతుమని లక్ష్మయ్యగారు తరువాత కోరగా, కలకత్తా ఏషియాటిక్ సొసైటీలోని ప్రిన్సెప్ దొర ఆయన కంత సామర్థ్యము లేదని త్రోసిపుచ్చెను. మెకంజీ దొర మాత్రము బొర్రయ్యగారివలన తనకు గలిగిన మేలును తన యుత్తరమున దాచక చెప్పుకొనెను. అయినను నేటికిని ఆ వ్రాతలు ‘మెకంజీ కైఫీయతులు’ గానే పిలువబడుచున్నవి.

సామెతల గ్రంథము 25వ అధ్యాయారంభమును మన పిల్లలు మరల చూతురుగాక. ఆ సామెతలు సొలొమోనువనియు, వానిని ఎత్తి వ్రాసినవారు హిజ్కియా రాజు మనుష్యులనియు నచ్చట స్పష్టముగా నున్నది. చెప్పినవాని పేరు చెడలేదు. ఎత్తి వ్రాసినవారి శ్రమయు మరుగుపడలేదు.

ఇక ధనము మాట. ఒక విలేఖరి ఆళ్లగడ్డనుండి బస్సెక్కి, మండుటెండలో ఊరూర విచారించి ఒక వార్త వ్రాయును. ఆతని జీతమును ప్రయాణపు ఖర్చును పత్రికవారు భరింతురు. గడియ గడువకముందే మరియొకరు ఆ వార్తను అంతర్జాలమున తమదిగా నెక్కించి, ప్రకటనల రాబడిని తాము పొందుదురు. కోసిన చేనిలో పరిగె యేరుకొనుట మన సీమలోను రూతు కాలమందును సమ్మతమైన పనియే. శీర్షికను, రెండు పంక్తులను చూపి, మిగిలినది మూలమున చదువుకొమ్మనుట పరిగె వంటిది. వార్తనంతయు నెత్తుకొనిపోవుట కళ్లములోని కుప్పను మోసికొనిపోవుటయే. ఆ రైతు మరుసటి యేడు విత్తడు. అప్పుడు పరిగెయు నుండదు. ఆస్ట్రేలియా దేశమువారు 2021లో ఒక శాసనము చేసి, పెద్ద అంతర్జాల సంస్థలు పత్రికలతో ప్రతిఫలమును గూర్చి బేరమాడవలసిన యేర్పాటు చేసిరి.

జానపద కథకు కర్త లేడు గదా, ఎవరి పేరు వ్రాయుదుమని కొందరు విద్యార్థులు మమ్మడిగిరి. మన దేశపు 1957 నాటి చట్టము రచయిత జీవితకాలమును, ఆపైన 60 సంవత్సరములను లెక్కించును. పార్వేట దినములలో చెంచులక్ష్మి కథను చెప్పు అవ్వను లెక్కింపదు. చట్టము విడిచినచోటనే మన మర్యాదకు పనిగలదు. కథ ఆమె కల్పించినది కాకపోవచ్చును గాని, మరువక నిలుపుకొన్నది ఆమెయే. మన విద్యార్థి చేసినదెల్ల ఒక సాయంకాలము కూర్చుండి వినుటయే. (విని వ్రాయుటయు చిన్న పని కాదు, సెల్‌ఫోనులో చూచి దింపుకొనుట మాత్రము చిన్న పనియే.)

కావున వచ్చు సంచికకు ‘సేకరణ’ అని వ్రాసి తెచ్చు ప్రతివారును గ్రంథము పేరునో, పత్రిక పేరును తేదినో, చెప్పినవారి పేరును ఊరునో తెలుపవలయును. బ్రతికియున్నవారి పేరు ముద్రించుటకు ముందుగా వారి సమ్మతి పొందవలయును. కథ చెప్పినవారికి పత్రిక ప్రతి యొకటి ఉచితముగా నీయబడును. వారు చదువనేరని యెడల, ఆ విద్యార్థియే పోయి చదివి వినిపింపవలయును.