అమెరికా వీసాకూ సీలింగే!

అమెరికా హెచ్-1బి పనివీసాలు ఏడాదికి 65 వేలు. అక్కడే పీజీ చేసినోళ్లకు ఇంకో 20 వేలు. అంతకు మించి అడిగితే లాటరీయే. 2025 సెప్టెంబరులో ట్రంపు, బయటి దేశం నుంచి తెచ్చుకునే కొత్త మనిషికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నాడు. మన అగ్రవర్ణ పెద్దలు 'ప్రతిభకు హద్దా!' అని గుండెలు బాదుకున్నారు. 1973 చట్టం భూమికి హద్దు పెడితే పాలేర్ల పేరున బినామీ రాయించి దాటింది ఏ ఇళ్లో ఊళ్లో అందరికీ ఎరుకే.

అయినా చప్పట్లు కొట్టకండి. తెలంగాణలో అంబేద్కర్ విద్యానిధి ఇచ్చే 20 లక్షలకు అప్పు కలిపి వెళ్లిన మన వాడల పిల్లలూ అదే వరుసలో ఉన్నారు. లాటరీ తగలకపోతే అమ్ముకోను వాళ్లకు ఎకరం లేదు. సర్కారు భూములు తీసుకున్న హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రిజర్వేషన్ ఏదని ముందు ఇక్కడ అడుగుదాం.