తృణకంకణం, పూర్ణమ్మ – ఒక ప్రశ్న

రాయప్రోలు సుబ్బారావుగారి ‘తృణకంకణం’ మొదటిసారి చదివినపుడు నాకు పందొమ్మిదేళ్ళు. చోడవరంలో మా డాబామీద కూర్చుని చదివి, కళ్ళు తుడుచుకుంటూ కిందికి దిగాను. చిన్ననాటినుండీ ప్రేమించుకున్న ఇద్దరిలో ఆమెకు మరొకరితో వివాహమైపోతుంది. తిరిగి కలిసినపుడు అతడు ఆ ప్రేమను స్నేహంగా మార్చుకుని, ఆమె చేతికి గడ్డిపోచల కంకణం కడతాడు. భావకవిత్వానికి తొలి అడుగుగా పలువురు విమర్శకులు చెప్పే ఖండకావ్యమిది.

ఇటీవల మళ్ళీ చదివాను. ఈసారి కన్నీటికి బదులు ఒక ప్రశ్న వచ్చింది: ఆ పెళ్ళి చేసినదెవరు? కావ్యపు బరువంతా పెళ్ళి తరువాతి వేదనమీదనే ఉంది. పెళ్ళి మాత్రం తుఫానులాగా, విధిలాగా వచ్చిపోతుంది. తుఫానును నిలదీసేవారెవరు?

దాదాపు ఆ కాలంలోనే గురజాడవారు ‘పూర్ణమ్మ’ రాశారు. పూర్ణమ్మకు ప్రియుడు లేడు. సొమ్ము తీసుకుని ముసలివాడికి కట్టబెట్టిన తండ్రి ఉన్నాడు. తమ బిడ్డల్లో ఒకరికి తన పేరు పెట్టుకొమ్మని అన్నదమ్ములను కోరి కొలనికి వెళ్ళిన ఆ పిల్ల తిరిగి రాదు.

గురజాడవారు మా చోడవరానికి దూరపువారు కారు, 1862లో ఎస్.రాయవరంలో పుట్టారు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ పీఠికలో ఆయన ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజావారు విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కవివాహాల పట్టిక వేయించగా 1034 తేలాయి. వారిలో 99 మంది అయిదేళ్ళ పిల్లలు. ముగ్గురికి ఏడాది వయస్సు! ఈ అంకెలు తెలిసిన కవికి పెళ్ళి విధిలాగా కనిపించడం అసాధ్యం.

రాయప్రోలువారిని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. పరాయి ఇంటి ఇల్లాలైన స్త్రీని నిందించకుండా, ఆశించకుండా గౌరవించవచ్చునని ఆనాడు చెప్పడం సాహసమే. కాని ఆ ఔన్నత్యం మనల్ని ఎంతగా ముగ్ధులను చేస్తుందంటే, అన్యాయం చేసినవారు సునాయాసంగా తప్పించుకుపోతారు.

నాతో చదివిన ఒక అమ్మాయి పదోతరగతి పరీక్షలు రాయకుండానే పెళ్ళిపీటలెక్కింది. “మంచి సంబంధం, వదులుకోలేకపోయారు” అన్నారు పెద్దలు. అంతకు ముందే మాకు పూర్ణమ్మ పాఠం అయిపోయింది. నేనుకూడా విందు భోజనం చేసి వచ్చాను. తరువాత కొన్నేళ్ళపాటు ఆమెను తలుచుకుని విరహపద్యాలు రాసుకున్నాను. ఎవరినీ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ పద్యాలు నిరుడు బయటపడ్డాయి. వాటిలో ఎక్కడ చూసినా నా బాధే ఉంది. ఆమె చదువు ఆగిపోయిన సంగతి ఒక్క పాదంలోనైనా లేదు.

తృణకంకణాన్ని ఇష్టపడే మిత్రులు నాతో విభేదించవచ్చు. మీ మాట వినాలని ఉంది. అయితే ఒక కోరిక: ముందు పూర్ణమ్మను మరొక్కసారి చదివి రండి.