తొడుగునకు తొడుగు

హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో సోలార్ వాటర్ హీటరున్న మేడల నెక్కి చూచినచో, అద్దములు తళతళలాడుచుండగా, వాటి ప్రక్కనుండి స్నానపు గదులకు దిగు గొట్టములపై నల్లని ఫోము చినిగి పేలికలై వ్రేలాడుచుండుట తరచుగా కానవచ్చును. ట్యాంకునకు గ్యారంటీ కలదు, పలకలకు గ్యారంటీ కలదు. గొట్టముల ఇన్సులేషను మాత్రము ప్లంబరు దయాధర్మమునకు వదలబడినది. ఆ ఫోమును వేయించుటతోనే పని తీరదనియు, దానిని ఎండవానల నుండి కాపాడు రెండవ తొడుగు గూడ కొనుగోలు ఒప్పందములో చేరవలెననియు, అది లేని ఇన్సులేషను మూడేండ్ల ముచ్చటయే యనియు నా అభిప్రాయము.

సూర్యతాపముతో నీటిని కాచుట ఎన్నడును గొప్ప చిక్కు కాదు. కాగిన వేడిని నిలుపుటయే చిక్కు. 1891లో అమెరికాలో క్లారెన్స్ కెంప్ పేటెంటు పొందిన ‘క్లైమాక్స్’ హీటరులో నీటి తొట్టెలు అద్దపు పెట్టెలోనే యుండుటచే, పగలెల్ల కాగిన నీరు రాత్రికి చల్లబడిపోవుచుండెడిది. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ యనునతడు తొట్టెను వేరుచేసి, దానిచుట్టు వేడి జారిపోకుండ కవచమమర్చి, ‘డే అండ్ నైట్’ అను పేర అమ్మసాగగా, పాతది అంగడిలో నిలువలేకపోయినది. నేడు మన మేడలపై నున్నవి చాలవరకు ఆ బెయిలీ వంశమునకు చెందినవే. ట్యాంకుచుట్టు దట్టమైన పఫ్ (పాలీయురేథేన్ ఫోము) పొర యుండును. శ్రద్ధయంతయు అచ్చటనే ఆగిపోవుచున్నది.

గొట్టములకు సాధారణముగా తొడుగునది నైట్రైల్ రబ్బరు ఫోము గాని, అంతకన్న చౌకయైన పాలిథీన్ ఫోము గాని. వీని బలమెల్ల లోపలి సూక్ష్మమైన గదులలో కదలక నిలిచియుండు గాలియే. అతినీలలోహిత కిరణములు ఆ గదుల గోడలను నిత్యము కొరుకుచుండును. రెండు మూడు వేసవులు గడచిన ఫోమును వ్రేలితో రాచి చూడుడు: ఎండ తగులు పైభాగము బూడిద రంగునకు తిరిగి పొడియై వ్రేలికంటును, నిలువునా బీటలు కనబడును, అదే గొట్టమును అడుగువైపు తడిమినచో ఫోము ఇంకను నల్లగా, మెత్తగానే యుండును. ఎండయే దోషియని చెప్పుటకు వేరొక సాక్ష్యమక్కరలేదు. బీటవారిన చోట ఉడుతలును గోరువంకలును తమ గూళ్లకు కావలసినంత పీకుకొనిపోవును. కోతులు తిరుగు పేటలలోనైతే చెప్పనే అక్కరలేదు. పిమ్మట వానలు వచ్చును. నిశ్చలమైన గాలికన్న నీరు ఇరువది రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును గనుక, తడిసిన ఫోము పేరునకే తొడుగు. ఇట్లు వేసవిలో చీలి, శ్రావణ భాద్రపదములలో నాని, సరిగా వేడినీరు కావలసిన పుష్యమాసమునకు అది నిరుపయోగమగుచున్నది. మే నెలలో ఆ లోపమునెవ్వరును గమనింపరు.

నష్టమెంత? ముప్పాతిక అంగుళపు ఇనుప గొట్టములో మీటరుకు సుమారు మూడవవంతు లీటరు నీరు పట్టును. స్థూలముగా లెక్కవేసినచో, 60 డిగ్రీల నీరు, వెలుపల 15 డిగ్రీల చలిగాలి యున్నప్పుడు, కప్పులేని గొట్టములో 20 నిమిషములకే 38 డిగ్రీలకు దిగజారును. అర అంగుళపు ఫోము చెక్కుచెదరక యున్నచో అందులకు గంటకు పైగా పట్టును. ఇందొక సంగతి నిజాయితీగా ఒప్పుకొనవలెను. రాత్రియంతయు గొట్టములో నిలిచిన నీరు ఎట్టి తొడుగున్నను తెల్లవారుసరికి చల్లబడియే యుండును. 20 మీటర్ల గొట్టమైనచో దాదాపు ఏడు లీటర్లు మొదట స్నానమాడువాడు పారబోయవలసినదే. విక్రేతలు ఈ మాట చెప్పరు. కాని ఆ వెనుక అరగంటకొకరుగా స్నానమునకు పోవు ఇంటిలో, ప్రతివారును మరల ఆ ఏడు లీటర్లు పారబోయుదురా, కుళాయి త్రిప్పగనే గోరువెచ్చని నీరు పొందుదురా యనునది ఈ తొడుగు మీదనే ఆధారపడియున్నది.

నివారణము కష్టసాధ్యము కాదు. అన్నిటికన్న మేలైనది పలుచని అల్యూమినియం రేకు చుట్టుట. అతుకు క్రిందివైపునకు రావలెను, నిలువు గొట్టముపై మీది రేకు క్రింది రేకునకు వెలుపలగా దిగవలెను. ఈ రెండును తప్పినచో రేకు వాననీటిని లోపల నిలువజేసి అపకారమే చేయును. అంత వ్యయము వలదనుకొన్నవారు ఫోముపై నీటితో కలుపు తెల్లని యాక్రిలిక్ రంగు రెండు పూతలు వేయించి, రెండేండ్లకొకమారు తిరిగి పూయించుకొనవచ్చును. టర్పెంటైను కలిపిన రంగులు మాత్రము ఫోమునకు హాని చేయగలవు. బైండింగ్ వైరుతో బిగించి కట్టు మన ప్లంబర్ల అలవాటు మానవలసినది, ఏలయన నొక్కుకొనిపోయిన ఫోములో గాలి ఎచ్చటిది?

ఈ చిన్న విషయము ఇంతకాలము ఉపేక్షింపబడుటకు మన లెక్కల పద్ధతియు కొంత కారణము. 2010లో ఆరంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషను 2022 నాటికి 2 కోట్ల చదరపు మీటర్ల సౌరతాప పలకలను లక్ష్యముగా పెట్టుకొన్నది. పలకల వైశాల్యమును కొలిచినారే గాని, కుళాయి వద్దకు చేరిన వేడినెవరు కొలిచినారు? 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకముతో మేడలపై చూపంతయు విద్యుత్ పలకలవైపు మరలినది. తీగలో పోవు నష్టము స్వల్పము గనుక అచ్చట ఈ చింత అంతగా లేదు. వేడినీటి యంత్రములు మాత్రము వసతిగృహములలోను, ఆసుపత్రులలోను, ఇండ్లలోను పనిచేయుచునే యున్నవి. ప్రభుత్వ సంస్థల టెండరులలోనైనను రేకు తొడుగును వేరొక పద్దుగా, మీటరుకింత యని చూపవలెను. ఇన్సులేషనులోనే అంతర్భాగమని వ్రాసినచో గుత్తేదారు దానిని మ్రింగివేయుట తథ్యము. తుది బిల్లుపై సంతకము చేయుటకు ముందు ఇంజనీరు మెట్లెక్కి, ఎల్బోల వద్ద ఫోము తెగిపోక యున్నదో లేదో, రేకు అతుకులు క్రిందివైపునకు వచ్చినవో లేదో తడిమి చూచుటకు పది నిమిషములు చాలును.