సైకిలుకు మోటారు సరే, ఖర్చు ఎవరి నెత్తిన?

పాత సైకిలు వెనుక చక్రం విప్పి, ఆ స్థానంలో మోటారు ఇమిడిన చక్రం బిగించి, చట్రానికి బాటరీ తగిలించి కరెంటు సైకిలుగా మార్చుకొనే కిట్లు ఇప్పుడు చిన్న పట్టణాల సైకిలు షాపులకు కూడ వచ్చినవి. బట్వాడా చేసే మన సోదరులు కొందరు సొంత డబ్బుతో వీటిని బిగించుకొంటున్నారు. ఇది చూసి కొందరు అధికారులు ముచ్చటపడుతున్నారు. చొరవ గల ఉద్యోగి ఇలా ఉండాలని, తక్కినవారు కూడ అనుసరించాలని హితవు చెబుతున్నారు. ఈ హితవు వెనుక ఉన్న లెక్క ఏమిటో విప్పి చూపవలసి ఉన్నది.

మొదటే ఒక మాట. మేము యంత్రానికి విరోధులము కాము. మనిషి గంటల తరబడి నిలకడగా తొక్కితే అతని కాళ్ల నుండి వచ్చే శక్తి సుమారు 75 వాట్లు, మహా అయితే 100. కిట్టులోని మోటారు దాదాపు 250 వాట్లది. అంటే మరి ఇద్దరు ముగ్గురు వెనుక నుండి తోస్తున్నట్లే. 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ల బాటరీలో నిలువ ఉండేది 360 వాట్ అవర్లు. దానిని నింపడానికి సుమారు అర యూనిట్ కరెంటు చాలు. తొక్కుతూ, మోటారు సాయం తీసుకొంటూ పోతే చదును దారిలో 30 కిలోమీటర్లు తిరిగి రావచ్చు. మన్యంలో ఎత్తు మీదికి సంచితో సైకిలు తోసుకొంటూ నడిచేవానికి, కోస్తాలో ఎదురుగాలికి కరకట్ట మీద తొక్కేవానికి, యాభై దాటి మోకాళ్లు అరిగినవానికి ఇది వరమే. ఈ చివరి విషయం మా వయసువారికి ఎవరూ బోధించనక్కరలేదు.

వివాదమంతా ఖర్చు దగ్గర. ఏడవ వేతన సంఘం సైకిలు అలవెన్సును ఏకంగా రద్దు చేయమన్నది. సంఘాలు అభ్యంతరం చెప్పిన మీదట 2017 జూలై నుండి పోస్ట్‌మన్లకు, రైల్వే ట్రాక్‌మన్లకు దానిని నిలిపి, నెలకు 90 రూపాయలను 180 చేశారు. రెట్టింపు చేశామని గొప్ప చెప్పుకొన్నారు. సరే, ఆ రెట్టింపుతోనే లెక్క వేద్దాము. లిథియం బాటరీతో సహా ఒక మోస్తరు కిట్టు 15 వేల రూపాయలనుకొందాము. ట్యూబుకు, టైరుకు, చైనుకు ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా ఆ అలవెన్సునంతా కూడబెట్టినా ఆ సొమ్ము తీరడానికి దగ్గర దగ్గర ఏడేళ్లు పడుతుంది. రోజూ చార్జీ చేసి వాడే బాటరీ మూడు నాలుగేళ్లకే సత్తువ కోల్పోతుంది. మొదటి దాని బాకీ తీరకముందే రెండవది కొనాలి. ఇదీ వారు చెప్పే చొరవ.

గ్రామీణ డాక్ సేవక్‌ల స్థితి ఇంకా విడ్డూరం. నియామక ప్రకటనలో సైకిలు తొక్కడం వచ్చి ఉండాలని షరతు వ్రాస్తారు. ఆ సైకిలు ఎవరిస్తారో వ్రాయరు. బ్రాంచి పోస్టాఫీసుకు గది కూడ పోస్టుమాస్టరే చూపుకోవాలి. ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు సివిల్ పోస్టులో ఉన్నవారేనని 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేరు మారినా, ప్రభుత్వం వారిని రెగ్యులర్ ఉద్యోగులుగా మాత్రం గుర్తించలేదు. గది వారిది, సైకిలు వారిది. ఇక మోటారు కూడ వారిదే కావాలట!

అంతటితో పోదు. 2018లో సేవక్‌ల భత్యాన్ని నాలుగు గంటల పని, ఐదు గంటల పని అని రెండు మెట్లుగా విడదీశారు. బట్వాడా సేవక్‌కు ఆనాడు నిర్ణయించిన కనీస మొత్తాలు 10,000, 12,000 రూపాయలు. ఐదు గంటల బీటును మోటారు బలంతో నాలుగు గంటల్లో ముగించినవానికి ఏమి జరుగుతుంది? మరో రెండు గ్రామాలు తగిలిస్తారు, లేదా మెట్టు దించుతారు. సొంత డబ్బుతో కొన్న మోటారు సొంత జీతాన్నే కోసే కత్తి కాగలదు. పని కొలతల మీద జరిగిన పాత తగాదాలు గుర్తున్నవారు ఈ భయాన్ని అతిశయోక్తి అనరు.

ప్రమాదం సంగతి మరొకటి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 0.25 కిలోవాటు లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే అది మోటారు వాహనం క్రిందికి రాదు. బజారులో 500 వాట్ల కిట్లు కూడ అమ్ముతున్నారు. అవి బిగిస్తే ఆ సైకిలుకు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, నడిపేవానికి లైసెన్సు కావాలి. ఈ ముక్క అమ్మేవాడు చెప్పడు. పైగా మన కడ్డీ బ్రేకుల సైకిలు ఈ వేగానికి చేసినది కాదు. కిట్టుతో వచ్చే రిమ్ముకు ఆ బ్రేకు చాలా సందర్భాల్లో అమరదు. ఇరుసు తిరిగిపోకుండా పట్టి ఉంచే ఉక్కు పలక ఒకటి వేయాలి. అది వేయకపోవడం వల్ల మేమెరిగిన ఒక సోదరుని సైకిలు ఇరుసు తిరిగి, తీగలు మెలిపడి తెగి, మనిషి కల్వర్టు దగ్గర పడి చేయి విరుగగొట్టుకొన్నాడు. డ్యూటీలో, ఉత్తరాల సంచి భుజాన ఉండగానే. ఆఫీసువారు కాగితం మీద వ్రాసినది ఒక్క వాక్యం: సొంత వాహనానికి సొంతంగా చేసుకొన్న మార్పు. నిన్నటి దాకా చొరవ అనిపించుకొన్నది ఒక్క రోజులో తప్పయి కూర్చున్నది.

సబ్సిడీల మాట ఎత్తేవారున్నారు. 2019 నుండి 2024 మార్చి దాకా నడిచిన ఫేమ్ రెండవ దశకు కేంద్రం పదివేల కోట్ల రూపాయలు కేటాయించింది. రిజిస్టరు అయ్యే ద్విచక్ర వాహనాలకు సాయం ఇచ్చింది. రిజిస్ట్రేషన్ అక్కరలేని సైకిలు ఆ జాబితాకు ఎక్కలేదు. స్కూటరు కొనగలిగినవానికి చేయూత, సైకిలు తొక్కేవానికి హితోపదేశం! స్విట్జర్లాండు తపాలా సంస్థ తన పెట్రోలు స్కూటర్లను తీసివేసి బట్వాడాకు విద్యుత్ వాహనాలను తానే కొని ఇచ్చింది. అక్కడి పోస్ట్‌మన్ జేబులో చేయి పెట్టలేదు.

“అది వచ్చేదాకా మా మోకాళ్లు ఆగుతాయా?” అని సోదరులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. బిగించుకొన్నవారిని మేము తప్పు పట్టము. అయితే పావు కిలోవాటు దాటవద్దు, బ్రేకు సరిచూసుకోకుండా రోడ్డెక్కవద్దు, కిట్టు రసీదు పారవేయవద్దు. బట్వాడా త్వరగా ముగుస్తున్నదని ఎక్కడా వ్రాతపూర్వకంగా ఒప్పుకోవద్దు.

కిట్టు, బాటరీ, వాటి మరమ్మతు శాఖ ఖర్చుతోనే జరగాలని, మోటారు కారణంగా బీటు పెంచడం గాని మెట్టు దించడం గాని కూడదని, ప్రమాదం జరిగితే డ్యూటీ ప్రమాదంగానే చూడాలని మేము కోరుతున్నాము. రైల్వే సోదరులు కూడ తమ ట్రాక్‌మన్ల పక్షాన ఇదే కోర్కెను ముందుకు తేవాలి. వట్టి తీర్మానాలు పంపితే ఫైలు కదలదు. కనుక శాఖా కార్యదర్శులు తమ పరిధిలోని ప్రతి బీటు పొడవు, ఎక్కడెక్కడ ఎత్తు ఉన్నది, తొక్కేవాని వయస్సు, సైకిలు ఎవరిది, ఎన్నేళ్లది అన్న వివరాలు ఒక కాగితం మీద వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపవలెను. ఇప్పటికే మోటారు బిగించుకొన్నవారి ఖర్చు రసీదుల నకళ్లు కూడ జతచేయండి.