పసుపు బస్తా మీద ఒక అంకె

జనవరి దాటిందంటే ఆర్మూరు, బాల్కొండ, కమ్మర్‌పల్లి దారుల్లో ఏ కల్లం చూసినా పసుపే. ఆవిరి కక్కే బాయిలర్లు, ఆరబోసిన కొమ్ములు, పాలిష్ డ్రమ్ముల మోత. అక్కడి నుంచి బస్తాలు నిజామాబాద్ యార్డుకు చేరతాయి. ఎనిమిది తొమ్మిది నెలల కష్టానికి ధర పలికేది అక్కడే. కొమ్మును విరుస్తారు. టక్కుమంటే ఎండినట్టు. లోపలి రంగు చూస్తారు. ఎక్కువగా కంటి చూపే తూకం, చేతి వాటమే పరీక్ష.

నిజానికి కొలిచి కొనడం ఈ జిల్లాకు కొత్తేమీ కాదు. నిజాంసాగర్ నీళ్లు పారే బోధన్ ప్రాంతంలో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ ఆగినా చెరకు లెక్క మాత్రం దేశమంతటా నడుస్తూనే ఉంది. తోటలో చెరకు పక్వానికి వచ్చిందో లేదో రసంలోని బ్రిక్స్ చెబుతుంది. ధరను రికవరీ నిర్ణయిస్తుంది. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన ధర 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు రూ.355. ఆపైన పెరిగే ప్రతి 0.1 శాతానికి రూ.3.46 అదనం. ఇది ఫ్యాక్టరీ మొత్తానికి వచ్చే సగటే తప్ప ఒక్కో రైతు లెక్క కాదు. అయినా గడకు కాదు, గడలోని తీపికి ధర అన్న సూత్రం అందులో ఉంది.

పసుపులో ఆ 'తీపి' కుర్కుమిన్. మన వైపు పండే పసుపులో ఇది సాధారణంగా రెండు నుంచి నాలుగు శాతం ఉంటుంది. కోజికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రతిభ, ప్రభ రకాల్లో ఆరు శాతం దాటుతుంది. మేఘాలయ లకడాంగ్ పసుపుకు అంత పేరు రావడానికి కారణం కూడా ఈ అంకే.

సారాన్ని బట్టి ధర పలికే పంటను ఎంత జాగ్రత్తగా పెంచుతారో చూడాలంటే కెనడా వెళ్లాలి. అక్కడ 2018 అక్టోబరు నుంచి గంజాయి చట్టబద్ధం. మన దేశంలో 1985 నాటి చట్టం ప్రకారం అది నేరం కాబట్టి ఆ పంట మనకు వద్దు. పద్ధతిని మాత్రం గమనించాలి. లైసెన్సు ఉన్నవారు మూసిన గదుల్లో పెంచుతారు. వేడి, గాలిలో తేమ, వెలుతురు అన్నిటికీ మీటర్లే. కోశాక ఆరబెట్టే గదికీ అదే కాపలా. చివరికి ప్యాకెట్ మీద సారం ఎంతో అచ్చువేసి తీరాలి. అంకె వేయక తప్పదు కాబట్టే గదిలో అంత శ్రద్ధ.

పసుపు చేనుకు గోడలు కట్టలేం. వానను ఆపలేం. కానీ కల్లం రైతు చేతిలోనిదే. తవ్విన రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువైతే ఎండాక కొమ్ము పెళుసవుతుంది. ఆరబోత మందం రెండు మూడు అంగుళాలుండాలి. మరీ పలచగా పోస్తే ఎండకు రంగు దెబ్బతింటుంది. రాత్రి కుప్ప చేసి కప్పాలి. ఎండలో అయితే పది పదిహేను రోజులు పడుతుంది. ఈలోగా అకాల వాన పడితే అంతే సంగతులు. వేడి గాలి డ్రయ్యర్లో ఆరబెట్టేవారు 60 డిగ్రీలు దాటనివ్వకూడదు. ఇవన్నీ గడియారం, థర్మామీటరు, తేమ మీటరు ఉంటే అయ్యే పనులే. వడ్ల కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ కోసం మీటరు చూసే రైతుకు ఇది కొత్త విద్య కాదు.

మరి ఎందుకు చేయడం లేదు? లెక్క వేస్తే తెలుస్తుంది. 14 శాతం తేమ ఉన్న క్వింటాలు పసుపును పది శాతానికి ఆరబెడితే మిగిలేది 95 కిలోల 600 గ్రాములు. అంటే దాదాపు నాలుగున్నర కిలోలు గాలిలో కలిసినట్టే. క్వింటాలు ధర పదివేలు అనుకుంటే సుమారు 440 రూపాయలు. ఇద్దరికీ ఒకే ధర కడితే బాగా ఆరబెట్టిన రైతే నష్టపోతాడు. పచ్చిగా తెచ్చినవాడు నీళ్లకు కూడా డబ్బు తీసుకుని వెళతాడు. ఇది రైతు బద్ధకం కాదు, లెక్కలో లోపం. పైగా ఆ పచ్చి సరుకుకు గోదాములో బూజు పడితే చెడ్డపేరు జిల్లా పసుపు మొత్తానికి.

కాబట్టి మీటరు ముందు పెట్టాల్సింది కల్లంలో కాదు, యార్డులో. 2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడత మార్కెట్లలో నిజామాబాద్ కూడా ఉంది. సరుకును పరీక్షించి వేలం వేయాలన్నది ఆ పథకం ఉద్దేశమే. 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డుకు కేంద్ర కార్యాలయం కూడా నిజామాబాదే. ఆ బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి దేశాన్ని తమవైపు తిప్పుకున్నారు.

కుర్కుమిన్‌కు ప్రయోగశాల కావాలి, కొంత సమయం పడుతుంది. తేమకు మాత్రం నిమిషాల పని. ముందు ప్రతి రాశికీ తేమ శాతం చీటీ మీద పడాలి, ధర ఆ అంకెను బట్టి కదలాలి. రెండు సీజన్లు అలా జరిగితే చాలు. థర్మామీటరు కొనమని కల్లంలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.