ట్రాలీలో కూలీల ప్రాణాలు

జహీరాబాదు ప్రాంతంలో చెరుకు కోతలు మొదలైతే రోడ్లన్నీ ట్రాక్టర్లే. ట్రాలీకి మించి పేర్చిన చెరుకు, వెనక లైటుండదు. 65వ నెంబరు జాతీయ రహదారి మీద చీకట్లో అది ఆగి ఉంటే వెనకొచ్చే మోటారు సైకిలువాడికి ఏం కనపడుతుంది? పొద్దుగాల అలాంటి ట్రాలీల్లోనే కూలీలను కుక్కి చేలకు తోలుకుపోతారు. ట్రాక్టర్లు తయారయ్యే కర్మాగారం కూడా ఇక్కడే ఉన్నది మరి!

2018 జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలికి పోతున్న ట్రాక్టరు కాలువలో బోల్తా పడి 15 మంది చచ్చిపోయారు. దాదాపు అందరూ ఆడకూలీలే. "సరుకుల బండి ఎందుకెక్కారు?" అని అడిగే పెద్దమనుషులకు మేమొకటి చెబుతాం. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో టిక్కెట్టు లేదు, సంతోషమే. కానీ పని వేళకు చేను దగ్గరి దాకా వచ్చే బస్సేది? మేస్త్రి పంపిన బండి ఎక్కకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

ప్రాణం పోయాక ఇంకో అన్యాయం. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన మనిషికి బీమా కంపెనీ పరిహారం కట్టనక్కర్లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక బండి యజమానిని పట్టుకోవాలి. అతను చేతులెత్తేస్తే? పెద్దదిక్కు పోయిన ఇంట్లో పిల్లల బడి మానిపించి పనికి పంపుతారు, ఆస్పత్రి అప్పుకు ఉన్న అరెకరమూ పోతుంది.

జహీరాబాదు పారిశ్రామిక నగరానికి 2024లో కేంద్రం 2,361 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ఇక లారీలు ఇంకా పెరుగుతాయి. రోడ్డు చావులను సగానికి తగ్గిస్తామని 2015లో ప్రపంచ దేశాలన్నీ సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో రాసుకున్నాయి. 2020 గడువు దాటిపోతే 2030కి జరిపారు. మన దేశంలో 2022 ఒక్క ఏడాదే 1,68,491 మంది రోడ్ల మీద పోయారు. వారిలో సగానికి మించి మోటారు సైకిళ్ల వాళ్లూ, కాలినడక వాళ్లూనే. కార్ల కోసం రోడ్డు వెడల్పు చేసి, ఊరివాళ్లు దాటే చోటు మరిచిపోతే దాన్ని అభివృద్ధి అని మేమెలా ఒప్పుకుంటాం?

పని రోజుల్లో పొద్దున, సాయంత్రం పల్లె బస్సులు నడపాలి. చెరుకు ట్రాలీలకు వెనక ఎర్రలైటు లేకపోతే ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపాలి. కూలీలను తీసుకుపోయే బండికి మనుషుల బీమా యజమానే కట్టాలి. ఈ సీజన్లో మేస్త్రితో కూలిరేటు మాట్లాడేనాడే బండి సంగతీ తేల్చుకోండని వ్యవసాయ కార్మిక సంఘాలను కోరుతున్నాం.