గడ్డిచామంతికి ఎలుకల పరీక్షే చాలదు

కోతల్లో కొడవలి తగిలి వేలు తెగితే గట్టు మీది ఆకు నాలుగు తెంపి, అరచేతిలో నలిపి, ఆ పసరు గాయంపై పిండటం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. ఆ ఆకు గడ్డిచామంతిది. పిల్లలు పలకలు తుడుచుకునేవారు గనుక పలకాకు అని కూడా అంటారు. వృక్షశాస్త్రంలో దాని పేరు ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. మన చేలల్లో అది కలుపు మొక్క. పరాయి నేల నుంచి వచ్చిన ఈ కలుపుకు ఇంత పేరు వచ్చిందంటే దాన్ని వాడి చూసిన రైతులు, కూలీల అనుభవం వల్లే.

ఆ అనుభవంలో నిజమెంతో తేల్చే ప్రయత్నం మన దేశంలో 1980ల తొలినాళ్లలోనే మొదలైంది. పద్ధతి దాదాపు అందరిదీ ఒకటే. ఎలుక వీపున చర్మం గుండ్రంగా తీసేసి, ఆ పుండు ఎన్నాళ్లకు పూడుతుందో కొలుస్తారు. మరో ఎలుకకు కోత పెట్టి కుట్లు వేసి, మానిన అతుకు ఎంత బలానికి విడిపోతుందో చూస్తారు. వాపు సంగతికి వేరే పరీక్ష ఉంది. సముద్రపు నాచు నుంచి తీసిన కారజీనన్ అనే పదార్థాన్ని ఎలుక పాదంలోకి ఎక్కించి, పొంగిన పాదం ఎంత తగ్గిందో గంట గంటకూ లెక్కిస్తారు. ఈ పద్ధతి 1962 నుంచి వాడుకలో ఉంది.

ఇక్కడే అసలు చిక్కు. వాపు గాయానికి శత్రువు కాదు, మానడంలో అదే తొలి మెట్టు. తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి సూక్ష్మక్రిములను, చచ్చిన కణజాలాన్ని తొలగించేది ఆ దశలోనే. వాపును గట్టిగా అణిచే స్టెరాయిడ్లు గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయని వైద్యులందరికీ తెలుసు. అందుకే ‘వాపు తగ్గిస్తుంది, గాయం మాన్పుతుంది’ అని ఒకే ఊపిరిలో చెప్పే ఏ మొక్క విషయంలోనైనా ఆగి ఆలోచించాలి. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చిన ఎలుకలపై గడ్డిచామంతిని పరీక్షించినప్పుడు పైచర్మం ఏర్పడటం, అతుకు బలం మెరుగుపడ్డాయి. గాయం ముడుచుకోవడంలో, కొత్త కండ పట్టడంలో మాత్రం మార్పు లేదు. నా దృష్టిలో ఈ సగం విజయమే ఎంతో విలువైన సమాచారం. దాన్ని పక్కనబెట్టి ‘అద్భుత మూలిక’ అని ప్రచారం చేయడం ఆ మొక్కకే అన్యాయం.

పైగా ఎలుక చర్మం మన చర్మం కాదు. దాని కింద పలుచని కండర పొర ఉండటంతో గాయం అంచులు దగ్గరకు లాగుకుని త్వరగా మూసుకుపోతాయి. మనిషికి ఎక్కువగా కొత్త కణజాలం పెరిగి పూడాలి. ఇంకొకటి, తడిగా ఉంచిన గాయం ఆరిపోయిన గాయం కన్నా త్వరగా మానుతుంది. అంటే పసరు కలపని ఉత్త లేపనం కూడా కొంత మేలు చేస్తుంది. పోలిక దానితో ఉండాలి తప్ప, ఏమీ రాయని గాయంతో కాదు.

యూరప్‌లో బిర్చ్ చెట్టు బెరడు మనుషులపై అలాంటి పోలిక పరీక్ష దాకా నడిచింది. చిన్న రాపిడికే చర్మం పొక్కి ఊడిపోయే ఎపిడెర్మోలైసిస్ బులోసా అనే జన్యువ్యాధి ఉన్న 223 మందిపై ఆ బెరడు సారంతో చేసిన జెల్‌ను పరీక్షించారు. కొందరికి మందు, కొందరికి మందు లేని జెల్. 45 రోజుల్లో పూర్తిగా మూసుకున్న గాయాలు మందు రాసినవారిలో 41.3 శాతం, మిగతావారిలో 28.9 శాతం. 90 రోజులకు ఆ తేడా అంత స్పష్టంగా నిలవలేదు, ఆ మాటనూ దాచలేదు. 2022లో యూరప్, 2023లో అమెరికా అనుమతి ఇచ్చాయి.

గడ్డిచామంతికి మనం ఆ అవకాశం ఇవ్వాలి. మన ఫార్మసీ కళాశాలల్లో అదే ఎలుకల పరీక్షను మళ్లీ మళ్లీ చేయించే బదులు, సారంలో ఏ పదార్థం ఎంత ఉందో ముందు స్థిరపరచాలి. అది ఊరికీ రుతువుకీ మారుతుంది. తర్వాత ప్రభుత్వ బోధనాసుపత్రులు కలిసి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేసి, చిన్న గాయాలతో మొదలుపెట్టి మనుషులపై పరీక్షించాలి. ఈలోగా షుగర్ ఉన్నవారు కాలి పుండుపై ఏ పసరూ పిండుకోకూడదు. కొడవలి గాయమైనా శుభ్రంగా కడిగి, ధనుర్వాతం టీకా వేయించుకోవాల్సి ఉందేమో వైద్యుణ్ని అడగాలి.